గూడు మూసుకుని తిండి మానేసిన టరాంటులా: విశాఖ వాతావరణంలో ఏది మామూలు, ఏది కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మధురవాడలో ఫ్లాట్. రెండేళ్ళుగా పెంచుతున్న మెక్సికన్ రెడ్ నీ, అంటే మోకాళ్ళు ఎర్రగా ఉండే టరాంటులా జాతి పెద్ద సాలీడు, ఆడది, కాళ్ళు చాపితే 12 సెంటీమీటర్లు. దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచి బొద్దింకను ముట్టలేదు. కార్తీక పౌర్ణమి నాటికి గూటి నోటిని మట్టితో, దారంతో మూసేసుకుంది. సంక్రాంతి దగ్గరపడుతున్నా ఇంకా బయటికి రాలేదు. కిందటేడు ఇవే రోజుల్లో బాగా తిన్నది. షాపులో అడిగితే చలికి ముడుచుకుపోయింది, ఎర్ర బల్బు పెట్టండి అన్నారు, పెట్టారు. ఇప్పుడు తవ్వి చూడాలా వద్దా అని అడుగుతున్నారు.

తవ్వకండి. బల్బు ఈ రాత్రే తీసేయండి. ఆ రెండూ అయ్యాక మిగతాది తీరిగ్గా చదవండి.

నేను మర్రిపాలెంలో ఉంటాను, 2012 నుంచి పెంచుతున్నాను. పోర్టు వైపు నైట్ షిఫ్టు ఉద్యోగం కాబట్టి, సెలవు రోజుల్లో కూడా రాత్రి నిద్ర పట్టదు. ఇవి తిరిగే వేళలూ నేను మేలుకుని ఉండే వేళలూ ఒకటే. ఏది ఎప్పుడు తిన్నది, ఎప్పుడు మానేసింది, ఎప్పుడు కుబుసం విడిచింది అని ఒక రూళ్ళ నోటుబుక్కులో రాసుకుంటూ వస్తున్నాను. నా ఇంటి సంగతులుగా కింద చెప్పేవన్నీ అందులోవే.

సాలీడుకి పంచాంగం తెలీదు. ఒంటికి తగిలే వేడి, కాళ్ళ కింద తడి, పొట్టలో ఉన్న నిల్వ, వీటిని బట్టే అది నడుచుకుంటుంది. అడవిలో అయితే వీటిని ఋతువే మారుస్తుంది. మన ఇళ్ళలో సగం ఋతువు, సగం మనమే. ఏసీ వేస్తాం, కిటికీ మూస్తాం, దోమలకి ఏదో వెలిగిస్తాం. అందుకే "సీజన్ మారింది, అందుకే ఇలా ఉంది" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది, గదిలో ఏం మార్చారు అని.

చలి సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందులో పెద్దగా ఏమీ లేదు. టరాంటులా ఒళ్ళు గది ఎంత వేడిగా ఉంటే అంతే వేడిగా ఉంటుంది. చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది, కదలిక తగ్గుతుంది. అది జబ్బు కాదు. విశాఖలో పుష్యమాసంలో కూడా తెల్లవారుజామున ఊళ్ళో 17, 18 డిగ్రీల దగ్గర ఆగుతుంది, గది లోపల ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. రెడ్ నీకి అది సమస్యే కాదు. మెక్సికోలో వీటి సొంత ఊరు పసిఫిక్ తీరంలోని కొలిమా, హలిస్కో, మిచోవకాన్ ప్రాంతాలు. అక్షాంశం చూస్తే కొలిమా 19 డిగ్రీల దగ్గర ఉంది, మన విశాఖ 17.7 దగ్గర. వానలు కూడా అక్కడ జూన్ నుంచి అక్టోబరు దాకానే. అంటే మీ సాలీడు భూగోళం అవతలి పక్క నుంచి వచ్చినా, దాని ఋతుచక్రం మన దానికి దగ్గరగానే ఉంటుంది. అక్కడ కూడా వానలు వెళ్ళాక ఎండు కాలం మొదలవుతుంది, అది బొరియలోకి తగ్గుతుంది. మీరు చూసింది చాలావరకు అదే. బల్బు వల్ల జరిగేదల్లా డబ్బాలో తడి ఆరిపోవడం. ఎర్ర రంగు వెలుతురు దానికి కనబడదని అమ్మేవాళ్ళు అంటారు గానీ, వేడి మాత్రం తగులుతుంది కదా. కుబుసం ముందు ఉన్న జీవికి తడి ఆరిపోవడం కంటే పెద్ద ఇబ్బంది లేదు.

అరకు, పాడేరు, చింతపల్లి వైపు ఉన్నవాళ్ళకి మాత్రం ఈ మాట వర్తించదు. అక్కడ రాత్రుళ్ళు ఒంటి అంకెకి పడిపోతాయి. బల్బు అక్కర్లేదు, డబ్బాని లోపలి గదిలో పెట్టి, గాలి ఆడేలా థర్మోకోల్ పెట్టెలో ఉంచితే చాలు.

అన్ని టరాంటులాలకీ రెడ్ నీ లెక్క సరిపోదు. చిలీ రోజ్ ఉంది చూడండి, దాని దేశం భూమధ్యరేఖకి దక్షిణం. మనకి మృగశిర కార్తె వచ్చి చినుకులు పడేటప్పుడు వాళ్ళకి చలికాలం. అడవిలో పెద్దదై, ఆపైన పట్టుబడి వచ్చినవి ఇక్కడ కూడా కొన్నేళ్ళు పాత లెక్కలోనే ఉన్నట్టు ప్రవర్తిస్తాయని పాత పెంపకందార్లు అంటారు. నా దగ్గరున్న చిలీ రోజ్ 2016లో జూన్ నుంచి మరుసటి ఫిబ్రవరి దాకా ఏమీ తినలేదు. ఎనిమిది నెలలు. నేను చిక్కిపోయాను గానీ అది చిక్కలేదు. ఏడాది పైన తినకుండా హాయిగా బతికిన చిలీ రోజ్‌ల సంగతి పెంచేవాళ్ళందరికీ తెలిసిందే. కాబట్టి ఎన్నాళ్ళ నుంచి తినలేదు అన్నదాన్ని నేను పట్టించుకోను. పొట్ట చూస్తాను. తల వైపు ఉన్న గట్టి పెంకు, మనవాళ్ళు కారపేస్ అంటారు, దాని వెడల్పుతో పొట్ట వెడల్పుని పోల్చండి. పొట్ట దానికి సమానంగానో, ఒకటిన్నర రెట్లో ఉంటే నిశ్చింతగా ఉండండి. పెంకు కంటే చిన్నదైపోయి, పక్కల ముడతలు పడితే అప్పుడు టెన్షన్ పడాలి. అది కూడా తిండి గురించి కాదు, ముందు నీళ్ళ గురించి.

ఇక మీ గూటి నోరు. గూడు మూసుకోవడానికి ప్రధానమైన కారణం కుబుసం. వారాల ముందే తిండి మానేస్తుంది. పొట్ట మీద నూగు ఊడి బట్టతలలా కనబడే చోటు, రెడ్ నీలో గులాబీ రంగులో ఉండేది, నల్లగా నిగనిగలాడుతుంది. లోపల కొత్త నూగు తయారవడం వల్ల వచ్చే నలుపు అది. మీరు గూడు మూసుకునే ముందు తీసిన ఫోటో ఏదైనా ఉంటే పొట్ట రంగు ఒకసారి చూడండి. నల్లగా ఉందంటే దాదాపు తేలిపోయినట్టే. పిల్ల సాలీళ్ళు నెలకో రెణ్ణెల్లకో విడుస్తాయి. పెద్ద ఆడది ఏడాదికోసారి, వయసు మీరితే రెండేళ్ళకోసారి. కిందటేడు ఇదే టైములో తిన్నదంటే అప్పటికి కుబుసం వంతు రాలేదు, అంతే. ఏటా ఒకే నెలలో జరగాలని లేదు. నా రెడ్ నీ నోటుబుక్కులో వరసగా ఫిబ్రవరి, మార్చి, మార్చి అని ఉండి, ఆ తర్వాత ఒక ఏడాది పూర్తిగా ఖాళీ. ఆ మరుసటి ఏడాది జనవరి.

ఒకసారి దాన్ని మొదటి నుంచి చివరి దాకా చూశాను. 2019 మార్చి, రాత్రి రెండు నలభై. ముందురోజే డబ్బా మూలలో తెల్లటి చాపలా దారం పరిచింది. దాని మీద వెల్లకిలా పడుకుని ఉంది. కాళ్ళు ఎనిమిదీ పైకి, కొద్దిగా వంగి. గంట దాకా ఏమీ కాలేదు. తర్వాత పెంకు అంచున సన్నటి తెల్ల గీత కనిపించింది, డబ్బా మూత లేచినట్టు పెంకు లేచింది. ఆ పైన కాళ్ళు. సబ్బు నురగ రాసుకుని బిగుతు గాజులు ఎలా తీస్తారో, అలా ఒక్కో కాలినీ కొంచెం లాగి, ఆగి, మళ్ళీ లాగి. మోకాళ్ళ దగ్గర పాతది తుప్పు రంగు, కిందనుంచి వచ్చేది కనకాంబరం రంగు. కోరలు మాత్రం బియ్యపు గింజల్లా తెల్లగా ఉన్నాయి. అయిదున్నరకి పాలు పొయ్యి మీద పెట్టడానికి లేచిన మా అమ్మ అటు చూసి, "చచ్చిపోనాదేటిరా?" అంది. చీపురు కోసం కూడా చూసింది.

ఈ పొరపాటు మా అమ్మ ఒక్కతే చేసేది కాదు. గుర్తు పెట్టుకోండి, వెల్లకిలా ఉంటే కుబుసం. ముట్టుకోవద్దు, తిప్పవద్దు, నీళ్ళు చల్లవద్దు. నిలబడినట్టే ఉండి కాళ్ళన్నీ పిడికిలి ముడిచినట్టు పొట్ట కిందికి ముడుచుకుపోతే అది ప్రమాదం. సాలీడు కాలు చాపడానికి కండరం కాదు, ఒంట్లోని ద్రవం ఒత్తిడి కావాలి. ఒంట్లో నీరు తగ్గితే ఆ ఒత్తిడి తగ్గి కాళ్ళు వాటంతట అవే ముడుచుకుంటాయి. అప్పుడు లోతు లేని నీళ్ళ మూతలో నోరు ఆనేలా పెడితే కొన్ని తేరుకుంటాయి. నోరు ముందు వైపు కింద ఉంటుంది. పొట్ట కింద ఉన్న ఊపిరి చీలికలు మునగకుండా చూసుకోవాలి.

ఇప్పుడు అసలు ఇబ్బంది పెట్టే కాలాలు. విశాఖలో సాలీడు పెంచేవాడికి చలికాలం సెలవు లాంటిది. పరీక్ష వానాకాలంలో, ఎండాకాలంలో.

వానాకాలంలో అందరూ ఒకటే తప్పు చేస్తారు, నేనూ చేశాను. మనది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడ వాన లేని రోజున కూడా గాలిలో తేమ ఉంటుంది. జులై వచ్చేసరికి డబ్బా అడుగున పరిచే కొబ్బరి పొట్టు ఒకసారి తడిస్తే పది రోజులైనా ఆరదు. పుస్తకంలో "వారానికోసారి తడపండి" అని ఉంటుంది, అది ఎక్కడో హీటర్లు తిరిగే ఇళ్ళ కోసం రాసిన మాట. మనం అదే పాటిస్తే డబ్బా అడుగు బురద అవుతుంది. అప్పుడు నేల మీద ఉండాల్సిన రెడ్ నీ, కర్లీ హెయిర్ లాంటివి గాజు గోడ ఎక్కి కూర్చుంటాయి, లేదా కాలి కొసల మీద నిలబడతాయి. చూసేవాళ్ళు "వానలకి హుషారుగా ఉంది, తిరుగుతోంది" అని వీడియో పెడతారు. అది హుషారు కాదు, కాళ్ళకింద తడి భరించలేక చేసే పని. పైగా బరువైన పొట్ట ఉన్న జీవి, పై నుంచి పడితే పొట్ట పగిలి చచ్చిపోతుంది. మట్టి మట్టం నుంచి మూత దాకా ఎత్తు దాని కాళ్ళ వెడల్పుకి ఒకటిన్నర రెట్లు దాటకుండా చూడండి, ఏ కాలమైనా.

2015లో నా దగ్గర ఒక పింక్ టో ఉండేది. చెట్ల మీద బతికే రకం, కాలి కొసలు గులాబీ రంగులో ఉంటాయి. ఆగస్టులో తిండి తగ్గించింది. వర్షారణ్యం జీవి కదా, తేమ చాలట్లేదేమో అనుకుని మూత బిగించి, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు చల్లాను. లోపల గోడలకి చెమట పట్టేది, నాకది అందంగా కనిపించేది. మూడో వారంలో చచ్చిపోయింది. ఈ రకాలకి తేమతోపాటు గాలి కూడా ఆడాలి. ఉక్కపోతలో మూసేసిన డబ్బా మనకి ఎలాగో దానికీ అలాగే. అది తిండి తగ్గించడం బహుశా కుబుసం కోసమే అయ్యుంటుంది. అప్పటికి నా నోటుబుక్కు అలవాటు ఇంత గట్టిగా లేదు.

ఆ ఏడాది నుంచి జూన్ రాగానే నేను తడపడం పూర్తిగా మానేస్తాను. నీళ్ళ గిన్నె మాత్రం నిండుగా ఉంచుతాను. తడి ఇష్టపడే రకాలకి మట్టిలో ఒక మూల మాత్రం పోస్తాను, మిగతాది పొడిగా. ఎటు ఉండాలో దాన్నే ఎంచుకోనిస్తాను. అది ఎక్కడ కూర్చుందో చూస్తే దానికేం కావాలో తెలిసిపోతుంది. కర్లీ హెయిర్ వైశాఖంలో గిన్నె పక్కన, శ్రావణంలో దూరంగా పొడి మూలలో.

వానాకాలంలో ఎంగిలి ముద్ద కూడా ఊరుకోదు. తిని పిప్పి చేసి వదిలేసిన ఆ చిన్న నల్లటి ముద్దని మరునాడు పట్టకారుతో తీసేయకపోతే రెండు రోజుల్లో బూజు పడుతుంది, చిన్న చిన్న పురుగులు చేరతాయి, బుల్లి ఈగలు వస్తాయి. మన భాషలో సాలెగూడునీ బూజే అంటాం, ఈ తెల్లటి ఫంగస్‌నీ బూజే అంటాం. మా ఆవిడ దసరా ముందు "డబ్బాలో బూజు దులపవా" అని అడిగితే ఏ బూజో అడిగి తెలుసుకోవాల్సి వస్తుంది.

తొలకరికి దీపాల చుట్టూ ఉసిళ్ళు మూగుతాయి. వాటిని పట్టి వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. ఊరి బయట తోటల్లో అయితే ఏమో గానీ, ఊళ్ళో నేను వేయను. అపార్టుమెంట్ల పునాదులకి చెదల మందు కొట్టని చోటు ఎక్కడుంది? ఆ మందు తగిలిన చెదలే రెక్కలు కట్టుకుని రావొచ్చు.

మందు అంటే గుర్తొచ్చింది. దీన్ని ఋతువు మార్పు అని చాలామంది పొరపాటు పడతారు. వానలు పడ్డాక దోమలు, దోమలతో డెంగీ భయం, వీధిలోకి ఫాగింగ్ బండి. ఇంట్లో కాయిల్, లేదంటే ప్లగ్గుకి పెట్టే లిక్విడ్. ఇవన్నీ పురుగుమందులే, చాలావరకు పైరెత్రాయిడ్ జాతివి. దోమనీ బొద్దింకనీ చంపేది సాలీడుని వదలదు. లక్షణం ఏమిటంటే, కాళ్ళు ఒకదానికొకటి పొంతన లేకుండా ఆడతాయి, తాగినవాడిలా తూలుతుంది, వెనక్కి వెనక్కి నడుస్తుంది. గాజువాకలో ఉండే ఒక స్నేహితుడికి 2018 సెప్టెంబరులో మూడు సాలీడు పిల్లలు ఒకే వారంలో పోయాయి. వాతావరణం పడలేదని వాడు, లిక్విడ్ ఎక్కడ పెట్టావు అని నేను. డబ్బాలున్న అరకి సరిగ్గా కింద ప్లగ్గు. అదే కారణమని పరీక్ష చేసి చెప్పలేను గానీ, ప్లగ్గు మార్చాక మళ్ళీ అలా కాలేదు. దోమతెర కట్టుకోండి. బండి చప్పుడు వినబడగానే ఆ గది కిటికీలు మూసేసి, తలుపు కింద తడిగుడ్డ పెట్టండి. చీమల కోసం గీసే చాక్‌పీసు కూడా ఇదే బాపతు. ఎండాకాలంలో చీమలు డబ్బాల మీదికి వస్తే మా నాయనమ్మ పాలగూటికి చేసిన పనే నేను స్టాండుకి చేస్తాను. నాలుగు కాళ్ళ కింద నాలుగు నీళ్ళ గిన్నెలు. అందులో దోమలు గుడ్లు పెట్టకుండా చుక్క సబ్బు నీళ్ళు.

ఎండాకాలం గురించి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా ఇల్లు పై అంతస్తు, పగలంతా కాగిన శ్లాబు రాత్రి తొమ్మిదికి కూడా సెగలు కక్కుతుంది. ఒక మే నెలలో అనుమానం వచ్చి స్టాండు పై అరలో ఒక థర్మామీటరు, కింది అరలో ఒకటి పెట్టాను. పైన 36, కింద 32. ఒకే గది, ఒకే స్టాండు. ఆ రోజే అన్నిటినీ కింది అరలకి, నేల మీదికి దింపాను. 35 దాటి గంటల తరబడి ఉండటం వీటికి మంచిది కాదు. ఆ వేడిలో ఎక్కువ తింటాయి, త్వరగా అరుగుతుంది, పిల్లలు గబగబా పెరుగుతాయి, అందుకని ఎండాకాలం వీటికి ఇష్టమని కొందరంటారు. 30 దాకా ఆ మాట నిజమే. ఆపైన అవి పగలంతా గిన్నె దగ్గర చతికిలబడి ఉంటాయి. నీళ్ళు తాగడం ఎప్పుడైనా చూశారా? గిన్నె అంచు మీదికి వంగి, రొమ్ము నీళ్ళకి ఆనించి, అరగంట దాకా కదలదు. చచ్చిందనుకుని ఊదకండి, నూగు విదిలిస్తుంది. ఆ నూగు కళ్ళలో పడితే కంటి డాక్టరు దాకా వెళ్ళాల్సిందే.

ఏసీ గదిలో పెట్టినవాళ్ళకి ఇంకో బాధ. 24లో పెట్టుకుంటే వేడి సమస్య తీరుతుంది గానీ, ఏసీ గాలిలో తేమని పీల్చేస్తుంది. బయట ఉక్కపోతతో ఒళ్ళంతా జిడ్డు, గదిలో కొబ్బరి పొట్టు మాత్రం రస్కులా ఎండిపోతుంది. పగలు ఏసీ ఆఫ్, రాత్రి ఆన్ అంటే రోజూ దానికి రెండు వాతావరణాలు. మీ సాలీడు మూసుకున్న గూడు కూడా ఏసీ గదిలోనే ఉందా? రాయలేదు. ఉంటే ఏసీ గాలి సూటిగా తగలని చోటికి, కుదుపు లేకుండా జరపండి.

తుపానుల గురించి అడగలేదు గానీ, విశాఖవాళ్ళం, చెప్పకుండా ఉండలేను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. అప్పటికి నా దగ్గర అయిదు ఉన్నాయి. ముందురోజు రాత్రి గాలి ఇంకా పెద్దగా లేదు, ఉక్కగా ఉంది. ఆ రాత్రి అయిదింట్లో మూడు, నెలల తరబడి పగలూ రాత్రీ గూట్లోనే ఉండేవి, బయటికి వచ్చి గోడల మీద ఉన్నాయి. గాలి ఒత్తిడి తగ్గడం వాటికి తెలుస్తుందని పెంచేవాళ్ళలో గట్టి నమ్మకం ఉంది. నాకూ ఆ రాత్రి నుంచి ఉంది. అయితే ఆ తర్వాత వచ్చిన వాయుగుండాలకి నోటుబుక్కులో చూస్తే సగం సార్లు బయటికి వచ్చాయి, సగం సార్లు రాలేదు. రాని రోజుల్ని మనం గుర్తుపెట్టుకోం కదా. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకపోయినా వాటికేమీ కాలేదు. తలుపులు మూసిన ఇంట్లో తడి ఎక్కువై బూజు పట్టింది, అంతే. గిన్నెలు నిండుగా ఉంటే, నేల మీద డబ్బాలు దొర్లకుండా ఉంటే చాలు. మాకే నీళ్ళ కోసం బిందెలతో వరస.

మగవాటి సంగతి ఒకటి. చిన్నప్పటి నుంచి పెంచిన మగది చివరి కుబుసం విడిచాక పూర్తిగా వేరే జీవి. తిండి దాదాపు మానేస్తుంది, రాత్రంతా డబ్బా చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంది, మూత సందుల్లో కాళ్ళు పెట్టి చూస్తుంది. ఆడదాన్ని వెతుక్కోవడం. అమెరికాలో కొలరాడో వైపు ఏటా శరదృతువు రాగానే మగ టరాంటులాలు రోడ్లు దాటుతూ కనబడతాయి, చూడటానికి జనం కూడా వెళతారు. ఇంట్లో పెరిగినదానికి మాత్రం పెద్దయిన రోజే ఆ ఋతువు. ముందు కాళ్ళ లోపలివైపు చిన్న కొక్కేలు, నోటి పక్కనుండే పొట్టి కాళ్ళ చివర బాక్సింగ్ గ్లౌజుల్లాంటి ఉబ్బు కనిపిస్తే అదే. అక్కడి నుంచి దాని ఆయుష్షు నెలల్లో లెక్క, మహా అయితే ఏడాదిన్నర. ఆడది 20 ఏళ్ళు దాటి బతుకుతుంది.

మన దగ్గరి వాటి గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. గుత్తి పేరుతో ప్రపంచమంతా తెలిసిన నీలం రంగు సాలీడు మన రాష్ట్రానిదే. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాతో దానికి పేరు పెట్టాడు. కలపతోపాటు రైల్లో వచ్చి ఉంటుంది, ఎందుకంటే అసలు చోటు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి అని 2001లో తేలింది. చెట్టు తొర్రల్లో ఉంటుంది, అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. వానలకి మన తూర్పు కనుమల్లో, కంబాలకొండ లాంటి చోట్ల ఏదైనా పెద్ద సాలీడు కనబడితే ఫోటో తీసుకుని వచ్చేయండి. పట్టుకోవడం వద్దు. చెట్ల మీద ఉండే మన రకాల కాటుకి ప్రాణం పోదు గానీ కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి. మీ రెడ్ నీ కూడా అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్న జాతే. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం, 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం అలాంటి వాటిని పెంచేవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. మీరు కొన్నప్పుడు చేయించకపోతే అటవీశాఖ ఆఫీసులో అడిగి ఆ పని చూసుకోండి.

మళ్ళీ మీ గూటి దగ్గరికి. చేయాల్సింది తక్కువే. నీళ్ళ గిన్నె ఖాళీ కానివ్వకండి. గూడు ఉన్న మూల కాక, ఎదురు మూలలో మట్టికి చిన్న గ్లాసుడు నీళ్ళు అంచువెంట పోయండి, తడి అడుగునుంచి నెమ్మదిగా పాకుతుంది. లోపల వదిలిన బతికున్న బొద్దింక ఏదైనా ఉంటే వెతికి తీసేయండి, కుబుసంలో మెత్తగా ఉన్న సాలీడుని అది కొరికి తినేయగలదు. ఇంట్లో ఎవరికైనా టార్చి వేసి చూసే అలవాటు ఉంటే పది రోజులకోసారికి ఒప్పించండి. ఫిబ్రవరి దాటినా, మార్చి వచ్చినా కంగారు పడకండి. కుళ్ళిన వాసన వస్తే మాత్రం అప్పుడు తెరవండి.

ఒక పొద్దున మట్టి తలుపు తెరుచుకుని, కొత్త రంగుల్లో బయటికి వస్తుంది. ఆ సంబరంలో వెంటనే బొద్దింక వేయకండి. కోరలు తెల్లగా, ఎర్రగా ఉన్నంతకాలం అవి మెత్తనే, కుట్టబోతే విరుగుతాయి. నల్లబడటానికి పెద్దదానికి పది రోజుల నుంచి రెండు వారాలు. అందాకా నీళ్ళే. తర్వాత కూడా చిన్న బొద్దింకతో మొదలుపెట్టండి.

ఆ కుబుసం మాత్రం పారేయకండి. సాధారణంగా గూటి బయటికి తోసేస్తుంది. గోరువెచ్చటి నీళ్ళలో చుక్క షాంపూ వేసి నానబెడితే మెత్తబడుతుంది, పొట్ట తోలు నలిగిపోయి ఉంటుంది, టూత్‌పిక్‌తో ఓపిగ్గా విప్పండి. లోపలివైపు నాలుగు తెల్లటి ఊపిరి మచ్చలు కనబడతాయి. ముందున్న రెండింటి మధ్య, చీలిక పైన, చిన్న మడత లాంటి సంచి ఉంటే ఆడది. ఏమీ లేకపోతే మగది. ఫోటో తీసి పెట్టండి, చూసి చెబుతాను. మీరు ఆడదని రాశారు గానీ, దానికి ఇప్పటిదాకా అమ్మినవాడి మాటే ఆధారం కదా.